దేవుడి పిడికెడు

మా చర్చికి కొత్తగా వచ్చిన పాస్టరు కుర్రాడు అలవాట్ల మీద ప్రసంగం మొదలుపెట్టాడంటే చాలు, నేను తల దించుకుని నా చెప్పుల వంక చూస్తూ కూచుంటాను. కాసేపట్లో వేలు నా మీదికే వస్తుందని నాకు తెలుసు.

"మన ఎనిఫా అమ్మగారినే చూడండి. ఇరవై రెండేళ్లుగా తొలికోడికి లేచి ప్రార్థన చేస్తారు. సంతకెళ్తే ఒక నోటు నడుముకి చుట్టుకున్న చితెంజె గుడ్డ కొంగులో ముడి పడాల్సిందే. పొయ్యి మీద ఎసరు మరిగితే ముందు దేవుడికి పిడికెడు పిండి తీయాల్సిందే. మూడంటే మూడు చిన్న అలవాట్లు. మనిషిని ఎక్కణ్ణించి ఎక్కడికి తీసుకొచ్చాయి!"

వెనక బెంచీల్లో ఆడపిల్లలు మెడలు సాచి నన్ను చూస్తారు. ఎక్కణ్ణించో ఆ కుర్రాడికేం తెలుసు పాపం. ఆ ఏడు వాడింకా తల్లి వీపు దిగలేదు.

ఆ ఏడు అంటే మా ఫలొంబే ప్రాంతంలో ఏ ఏడని ఎవరూ అడగరు. అంతకు ముందు ఏడు వానలు ఆలస్యంగా వచ్చి, వచ్చినవి తెరిపివ్వకుండా కురిసి, కంకులు చేలోనే కుళ్లిపోయాయి. క్రిస్మస్ నాటికే గాదెల అడుగు కనపడింది. కొత్త పంట చేతికి రావడానికి ఏప్రిల్ దాకా ఆగాలి. మధ్యలో ఉన్న ఆ నాలుగు నెలలే నేను చెప్పేది.

అప్పటికి నాకు ఇరవై మూడు. మూడేళ్ల కూతురు చిసోమో, మొగుడు లామెక్, అమ్మమ్మ, నేను, అంతే ఇంట్లో. మా దగ్గర అల్లుళ్లందరూ ఇల్లరికమే. కాబట్టి లామెక్ మా అమ్మమ్మ ముందు నోరెత్తేవాడు కాదు. నేను మాత్రం ఎత్తేదాన్ని. ఉన్నదున్నట్టు చెప్పుకోవాలంటే నేను ఒళ్లొంగని మనిషిని. పొద్దెక్కి లేచేదాన్ని. ఆ ముందేడు వేరుశనగలమ్మిన డబ్బుతో జడలు అల్లించుకుని, మడమలెత్తు చెప్పులు కొనుక్కున్నాను. బురదలో ఆ చెప్పులేసుకుని నడుస్తుంటే ఊళ్లో ఆడవాళ్లు బిందెలు దింపి మరీ నవ్వారు.

అమ్మమ్మ పేరు డోరికా. ఆవిడ దినచర్య గడియారానికి నేర్పొచ్చు. తొలికోడి కూయగానే మోకాళ్ల మీద కూచునేది. తరవాత వాకిలి ఊడ్చేది. చేతిలోకి డబ్బు వస్తే అందులో ఒక నోటు, ఎంత చిన్నదైనా సరే, కొంగులో ముడేసి ఇక దాని ఊసెత్తేది కాదు. ఇక వంట దగ్గర, ఎసరు మరిగి సంకటికి పిండి పోసే ముందు, ఒక పిడికెడు తీసి మూలనున్న నల్ల కుండలో వేసేది. అది దేవుడి కుండ. శనివారం రాత్రి దానికి గుడ్డ వాసెన కట్టి ఆదివారం చర్చికి మోసుకెళ్లేది. మా చర్చిలో ఆడవాళ్లందరిదీ అదే పద్ధతి. ఒకే ఒక నియమం ఉండేది. వాసెన కట్టిన కుండని దారిలో గానీ చర్చిలో గానీ ఎవరూ విప్పి చూడకూడదు. ఇచ్చింది ఎక్కువో తక్కువో ఇచ్చిన మనిషికీ దేవుడికీ తెలిస్తే చాలనేవారు.

"మనకే లేదు, దేవుడికెందుకే అమ్మమ్మా పిండి? ఆయనేమన్నా సంకటి తింటాడా?" అన్నాను డిసెంబరులో ఒకరోజు.

"ఆయన తినడు. తినేవాళ్లు ఆయనకి తెలుసు."

"మనం తెలీదా ఆయనకి?"

"నీ చెప్పులు తెలుసేమోలే," అంది అమ్మమ్మ. లామెక్ ముసిముసిగా నవ్వాడు. నాకు ఒళ్లు మండింది.

ఆ వారమే లామెక్ త్యోలో జిల్లా తేయాకు తోటల్లో కోతకి మనుషుల్ని తీసుకుంటున్నారని విని బయల్దేరాడు. గుమ్మం దగ్గర నిలబడి, "నెలాఖరుకి డబ్బు పంపిస్తా. అమ్మమ్మ చెప్పినట్టు విను," అన్నాడు.

"నువ్వు విన్నావుగా, చాలదూ?" అన్నాను. పోయేవాడితో అనాల్సిన మాట కాదది. తరవాత చాలా రోజులు ఆ మాట నాకే గుచ్చుకుంది.

నెలాఖరుకి డబ్బు రాలేదు. తోటల దగ్గర వెయ్యి మంది కూచుని ఉన్నారట, పని వంద మందికే ఉందట. జనవరి రెండో వారంలో అమ్మమ్మ కొంగు ముడి విప్పింది. నలిగి మెత్తబడిన నోట్లు, కొన్నిటి మీద అంకెలు కూడా చెరిగిపోయాయి. ఏళ్ల తరబడి ముడేసినవవి. అన్నీ కలిపితే ఒక బకెట్టు మొక్కజొన్నలొచ్చాయి, అంతే. మామూలు ఏడైతే ఆ డబ్బుకి రెండు బస్తాలొచ్చేవి. సంత నించి ఆ బకెట్టు నా నెత్తిన పెట్టుకుని వస్తుంటే దారి పొడుగునా జనం బకెట్టు వంకే చూశారు గానీ నా మొహం ఎవరూ చూడలేదు. మడమలెత్తు చెప్పులు అమ్ముదామని అదే సంతకి తీసుకెళ్లాను. కొంటానన్నవాడు లేడు. తిరిగి సంచిలోనే తెచ్చుకున్నాను. సిగ్గనేది ఉంటుందని నాకు మొదటిసారి తెలిసింది ఆ రోజే.

బకెట్టు తెచ్చిన నాలుగో రోజున అమ్మమ్మకి చలిజ్వరం పట్టుకుంది. జ్వరం దిగింది గానీ మనిషి లేవలేదు. ఒక మధ్యాహ్నం నన్ను చాప దగ్గరికి పిలిచింది.

"ఇవాళ్టి నించి కుండ నీదే."

"నా వల్ల కాదమ్మమ్మా."

"నా చెయ్యి వణికి సగం నేల పాలవుతోంది. నీ పిడికిలి పెద్దది, గట్టిది. రోజూ తియ్యి. చాలనప్పుడు కూడా తియ్యి. చాలినప్పుడు ఎవడైనా తీస్తాడు."

నేను చేయనంటే ఆవిడ లేచి చేస్తుంది. అందుకని ఒప్పుకున్నాను. ఆవిడకి చూపు మందగించినా చెవులు బాగా పనిచేసేవి. కుండ మూత చప్పుడు వినపడితే గానీ ముద్ద నోట్లో పెట్టుకునేది కాదు. అలా నేను తొలికోడికి లేవడం మొదలుపెట్టాను. వాకిలి ఊడ్చాను. పిడికెడు తీశాను. మొదటి వారం తిట్టుకుంటూ తీశాను. రెండో వారం తిట్టడం మర్చిపోయాను. నిజం చెప్పాలంటే మూడో వారానికి నాకది ఆసరాగానే ఉండేది. పొద్దస్తమానం ఆకలి తప్ప ఆలోచన లేని రోజుల్లో, చేసి తీరాల్సిన పని ఒకటి ఉండడం మనిషిని నిలబెడుతుంది.

"నువ్వు మారావే పిల్లా," అంది అమ్మమ్మ ఒక పొద్దున. ఆవిడ నన్ను మెచ్చుకోవడం నేను పుట్టాక అదే మొదలు.

మా పెరటి కంచె అవతల ఫాలెసి ఇల్లు. నాకంటే నాలుగైదేళ్లు పెద్దది, అక్కా అని పిలిచేదాన్ని. మొగుడు సరిహద్దు దాటి మొజాంబిక్ వెళ్లి అక్కడే ఇంకో సంసారం పెట్టాడు. ఈవిడకి మిగిలింది నాలుగేళ్ల లిదియా. ఆ పిల్లా నా చిసోమో కంచె కింద కన్నంలోంచి అటూ ఇటూ పాకి ఆడుకునేవాళ్లు. ఫిబ్రవరి వచ్చేసరికి ఇద్దరూ పాకడం మానేశారు. ఎవరి గుమ్మంలో వాళ్లు కూచుని ఒకళ్లనొకళ్లు చూసుకునేవాళ్లు.

అప్పటికి ఊళ్లో మామిడికాయలు అయిపోయాయి. గుమ్మడాకు దూసేశారు. చేలల్లో మొక్కజొన్న నిలువెత్తు పచ్చగా ఉంది, కానీ పీచు కూడా రాలేదు. తినడానికి పనికిరాని పచ్చదనం చుట్టూ పెట్టుకుని జనం చచ్చిపోతున్నారు. గింజలు ఒలిచేసిన పాత బెండ్లు, మామూలుగా పొయ్యిలో పెట్టుకునేవి, వాటిని ఎండబెట్టి దంచి పొడి చేసి పిండిలో కలిపి తినేవాళ్లు. చూడ్డానికి పిండిలాగే ఉంటుంది. కడుపు నిండినట్టు ఉంటుంది, సత్తువ మాత్రం ఉండదు. పిల్లలకి కడుపునొప్పి వస్తుంది.

ఒకరోజు చిసోమోకి నీళ్లు పోస్తుంటే పాదాలు ఉబ్బి కనపడ్డాయి. వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోయింది. జుట్టు ఎర్రబారుతోంది. ఊళ్లో ఆ ఉబ్బు వచ్చిన పిల్లలు ఏమయ్యారో నాకు తెలుసు. అప్పటికి అయిదుగురిని పూడ్చాం.

అది శనివారం. మధ్యాహ్నం. అమ్మమ్మ నిద్రపోతోంది. మా బకెట్టులో ఆ వారం అడుగున నాలుగు రోజుల గింజలున్నాయి, అదీ పూటకి పిల్ల చెయ్యంత ముద్ద వండుకుంటే. మూలన దేవుడి కుండలో పది పన్నెండు పిడికిళ్ల తెల్లటి పిండి ఉంది.

నేను ఆ కుండ ముందు చాలాసేపు కూచున్నాను. అప్పుడు నాతో నేను అనుకున్న మాటలన్నీ నాకు గుర్తున్నాయి. నా పిల్ల మాత్రం దేవుడి పిల్ల కాదా అనుకున్నాను. ఆ కుండలన్నీ చర్చి మిషన్ ఆవరణలో పెద్ద డ్రమ్ములో కుమ్మరించి వంద మందికి గంజి కాస్తున్నారు కదా, అందులో నా అయిదు పిడికిళ్ల తేడా ఎవరికి తెలుస్తుంది అనుకున్నాను. తిరిగి పంట రాగానే రెట్టింపు వేస్తాననుకున్నాను. అన్నీ సబబుగానే ఉన్నాయి. తప్పు చేసేటప్పుడు మనిషికి దొరికినన్ని సబబులు ఇంకెప్పుడూ దొరకవు.

సగానికి పైగా తీశాను. పెరట్లో దంచి పెట్టిన బెండ్ల పొడి ఆ మేరకి కుండలో పోసి చేత్తో కలిపాను. పైన మంచి పిండి ఒక పిడికెడు పరిచాను. నీలం గుడ్డతో గట్టిగా వాసెన కట్టాను. తీసిన పిండితో చిక్కటి జావ కాచి చిసోమోకి తాగించాను. నేనొక చుక్క కూడా నోట్లో వేసుకోలేదు. అదొక్కటే నా తరఫున చెప్పుకోడానికి ఉన్న మాట. జావ తాగి పిల్ల నా ఒళ్లోనే నిద్రపోయింది. నాకు సంతోషమేసింది. అది కూడా దాచను.

"కుండ కట్టావా?" అంది అమ్మమ్మ లేచి.

"కట్టాను."

"ఏదీ, ఇలా తే." కుండని రెండు చేతులతో ఎత్తి బరువు చూసింది. "ఈ వారం బరువుగానే ఉంది. దేవుడు నిన్ను చల్లగా చూడాలి," అంది.

ఆదివారం అమ్మమ్మ పట్టుబట్టి చర్చికొచ్చింది. ఒక చెయ్యి నా భుజం మీద, ఒక చెయ్యి కర్ర మీద. చిసోమో నా వీపున, కుండ నా నెత్తిన. కుండలన్నీ పాస్టరుగారి బల్ల ముందు వరసగా పెట్టారు. మునుపు నలభై పైగా ఉండేవి, ఆ రోజు పదకొండున్నాయి. పాటలైపోయాక అప్పటి పాస్టరుగారు, ముసలాయన, లేచి నిలబడ్డాడు.

"మిషన్ డ్రమ్ము దగ్గర నిన్న తొక్కిసలాట జరిగింది. ఒకావిడ చెయ్యి విరిగింది. వంట ఆపేశారు. కాబట్టి ఈ ఆదివారం నించి ఒక్కో కుండ ఒక్కో ఇంటికి ఇచ్చేద్దాం. ఏ ఇంటికివ్వాలో ఆడవాళ్ల సంఘం తేలుస్తుంది."

సంఘం పెద్ద ఎవెలేసి లేచింది. పొడుగాటి మనిషి, ముక్కుసూటి మనిషి. కుండల వరస ముందు నడుస్తూ ఒక్కోటి ఎత్తి ఒక్కో ఇల్లాలి చేతిలో పెడుతోంది. నేను నీలం గుడ్డనే చూస్తున్నాను. నాలుగో కుండ. అయిదో కుండ. ఆరోది ఎత్తింది. నీలం గుడ్డ.

"ఫాలెసీ, రా అమ్మా. పిల్లకి విరేచనాలు పట్టుకుని ఇవాళే కాస్త తేరుకుందన్నావు కదా. దీంతో మెత్తగా వండి పెట్టు."

ఫాలెసి లేచి వెళ్లి రెండు చేతులూ చాపి, మోకాళ్లు వంచి కుండ అందుకుంది. అమ్మమ్మ నా చెయ్యి వెతుక్కుని పట్టుకుంది. "మన కుండేనా అది? ఫాలెసికేనా? మంచి ఇంటికి చేరింది," అంది నా చెవిలో.

ఇంకా అయిదు కుండలున్నాయి. తరవాత పాట ఉంది, నాలుగు చరణాలు. తరవాత దీవెన. నేను లేచి ఒక మాట చెప్పడానికి కావలసినంత సమయం ఉంది. నేను లేవలేదు. అంతమందిలో కాకపోతే బయటికొచ్చాక చెప్తాననుకున్నాను. బయటికొచ్చాక, అమ్మమ్మ పక్కనుండగా ఎలా, ఇంటికెళ్లాక చెప్తాననుకున్నాను.

ఇంటికెళ్లాక పెరట్లోకి వెళ్లి కంచె దగ్గర నిలబడ్డాను. అవతల పొయ్యి రాజేసి ఉంది. సంకటి ఉడుకుతున్న వాసన వస్తోంది. లిదియా గుమ్మంలో తల్లి చితెంజె కప్పుకుని కూచుని పొయ్యి వంక చూస్తోంది.

"అక్కా," అన్నాను.

ఫాలెసి తెడ్డు చేత్తో పట్టుకునే కంచె దగ్గరికొచ్చింది. "ఏం ఎనిఫా?"

"ఏం లేదు. ఊరికే."

"మీ అమ్మమ్మ కుండేగా ఇది. అంచున పెచ్చూడింది చూసి గుర్తుపట్టాను," అంది. నా మొహంలోకి చూస్తూ నిలబడింది. "ఏమన్నా చెప్పాలా?"

ఆ పిల్లకి అది పెట్టకు. ఆ నాలుగు మాటలే నేననాల్సింది. దానికి బదులు పెట్టడానికి నా దగ్గర పిండి లేదు. చెప్తే ఎవెలేసికి తెలుస్తుంది, ఊరికి తెలుస్తుంది, అన్నిటికన్నా ముందు అమ్మమ్మకి తెలుస్తుంది. నువ్వు మారావే పిల్లా అన్న అమ్మమ్మకి.

"కాస్త ఉప్పుందా అక్కా?" అన్నాను.

ఆవిడ ఇంకో క్షణం నన్ను చూసి, లోపలికెళ్లి, కాగితం ముక్కలో చిటికెడు ఉప్పు కట్టి తెచ్చి ఇచ్చింది. నేను తీసుకున్నాను.

సోమవారం లిదియాకి మళ్లీ కడుపునొప్పి మొదలైంది. మంగళవారం తెరిపి లేని వాన, వాగు దాటి ఆసుపత్రికి వెళ్లే దారి లేదు. బుధవారం పొద్దున ఊడుస్తుంటే కంచె అవతలి నించి ఏడుపు వినపడింది. చీపురు చేతిలోనే ఉంది. ఆ ఏడుపు ఎందుకో ఎవరూ వచ్చి చెప్పక్కర్లేకపోయింది.

ఊరు ఊరంతా అన్నది ఒక్కటే మాట: ఆకలి. అంతకు ముందు అయిదుగురు పోయినట్టే ఈ పిల్లా పోయింది. ఆ పిల్ల నేను కలిపిన దాని వల్లే పోయిందా, కుండలో మంచి పిండి ఉన్నా పోయేదా, నాకు ఈ రోజుకీ తెలీదు. తెలిసే దారీ లేదు. వానలోనే పూడ్చారు. చావింటికి ఇంటికింత పిండి తీసుకెళ్లడం మా ఆచారం, ఆ రోజు ఎవరి చేతిలోనూ ఏమీ లేదు. నేను నీళ్ల బిందె మోసుకెళ్లి ఫాలెసి పక్కన చాప మీద కూచున్నాను. ఆవిడ ఏడవలేదు. "మీ కుండ కడిగి గోడ వార పెట్టాను. వెళ్లేటప్పుడు తీసుకెళ్లు," అంది.

చిసోమో బతికింది. మార్చిలో పచ్చికంకులొచ్చాయి, పాదాల వాపు దిగింది, కంచె కన్నంలోంచి అవతలికి పాకి వెళ్లింది ఒకరోజు. అక్కడ ఎవరూ లేకపోయేసరికి తిరిగొచ్చింది. నేను ఆ కన్నం ముళ్లకంపతో మూసేశాను. మళ్లీ మర్నాడు నేనే తీసేశాను. మూయడానికి నాకు మొహం చెల్లలేదు.

లామెక్ మార్చి చివర్లో బొమికలు లెక్కపెట్టుకునేలా తిరిగొచ్చాడు. నన్ను చూసి ఆశ్చర్యపోయాడు. తొలికోడికి లేస్తున్నాను, వాకిలి అద్దంలా ఉంది, నా కొంగులో ముడి ఉంది. "ఏం చేశావమ్మమ్మా దీన్ని?" అని అడిగాడు.

"నేనేం చెయ్యలేదు. అదే కుదురుకుంది," అంది అమ్మమ్మ గర్వంగా. రెండేళ్ల తరవాత అదే గర్వంతో పోయింది. ఆవిడకి నేను చెప్పలేదు.

ఏప్రిల్లో పంట ఇంటికొచ్చింది. బాగా పండింది, ఊరికే వెక్కిరించడానికన్నట్టు పండింది. మొదటి గింజలు నేనే ఒలిచి, ఎండబోసి, రోట్లో దంచి, మరకి తీసుకెళ్లి రెండుసార్లు పట్టించాను. శనివారం ఆ పిండి కుండ నిండా నింపి నీలం గుడ్డ వాసెన కట్టాను. చర్చి వరసలో పెట్టడానికి కాదు. తిన్నగా ఫాలెసి గుమ్మానికి తీసుకెళ్లాను. చెప్పేద్దామనే తీసుకెళ్లాను.

ఫాలెసి కుండ అందుకుని గుమ్మంలో కూచుంది. వాసెన విప్పింది. లోపలికి చెయ్యి చాపి, గోడకి చేరేసిన జల్లెడ తీసింది. ఒళ్లో చేట పెట్టుకుని పిండి జల్లించడం మొదలుపెట్టింది. మరలో పట్టించిన పిండిని మా దగ్గర ఎవరూ జల్లించరు.

"రెండుసార్లు పట్టించానక్కా, మెత్తగానే ఉంటుంది," అన్నాను.

"ఉండనీ."

నేను ఎదురుగా నిలబడ్డాను. ఆవిడ కొంచెం కొంచెంగా పోసి, జల్లించి, జల్లెడ బోర్లించి అరచేత్తో తట్టి చూస్తోంది. అంతా దిగిపోతోంది. కుండ సగమయ్యాక తలెత్తకుండానే అంది:

"ఆ ఆదివారం సగం జల్లెడలోనే మిగిలింది ఎనిఫా."

"నువ్వు కంచె దగ్గరికి వచ్చేసరికే జల్లించేశాను. చెప్తావేమోనని చూశాను. ఏమన్నా చెప్పాలా అని అడిగాను కూడా. ఉప్పడిగావు."

"అక్కా, పిల్ల కాళ్లు వాచాయి..."

"తెలుసు. కంచె మీంచి కనపడేవి." ఇంకో గుప్పెడు పోసింది. "జల్లెడలో మిగిలింది పారబోద్దామనుకున్నాను. చేటలో దిగింది చూస్తే ఇంతే ఉంది. పిల్ల ఆకలాకలి అంటోంది. పారబోయబోయి, మళ్లీ అందులోనే కలిపేశాను. పొయ్యి దగ్గర నేను కలిపాను. మీ ఇంట్లో నువ్వు కలిపావు." కాసేపు జల్లించింది. "ఎవరికీ చెప్పలేదు. ఎవరి పేరని చెప్పను?"

నేను ఆ మట్టిలో కూలబడి ఏడ్చాను. ఆవిడ నన్ను ఊరుకోమనలేదు, లెమ్మనీ అనలేదు. కుండ మొత్తం అయ్యేదాకా జల్లించింది. చివర జల్లెడ బోర్లించి తట్టింది. ఏమీ రాలలేదు. పిండి తన తట్టలో పోసుకుని ఖాళీ కుండ నా చేతికిచ్చింది.

"వచ్చే శనివారం తీసుకురా," అంది.

తీసుకెళ్లాను. ఆ తరవాత శనివారం తీసుకెళ్లాను. చిసోమో పెళ్లినాడు శనివారమైతే పెళ్లివాళ్లని కూచోబెట్టి వెళ్లొచ్చాను. లామెక్ చనిపోయిన వారం కూడా వెళ్లాను. దేవుడి కుండ చర్చికి వెళ్తుంది, దాని పక్కన ఇంకో కుండ పెట్టాను, పూటకి రెండు పిడికిళ్లు తీస్తాను. కొంగు ముడిలో డబ్బులు పెరిగాయి, వాటితో ఇంకో చెక్క చేను కౌలుకి తీసుకున్నాను. అందులో పండింది ఎన్నడూ అమ్మలేదు. పాస్టరు కుర్రాడు చెప్పేదాంట్లో అబద్ధమేమీ లేదు. మనిషి కుదురుకోడానికి అలవాటును మించిన మందు లేదు. కాకపోతే ఆ మందు నేను ఏ రోగానికి తాగుతున్నానో అతనికి తెలీదు.

ఫాలెసక్కకి ఇప్పుడు యాభై వచ్చాయి. మోకాళ్లు పట్టేశాయి. గుమ్మంలోనే కూచుని ఉంటుంది. నేను వెళ్లేసరికి చేట, జల్లెడ పక్కనే పెట్టుకుని ఉంటుంది. వానల గురించి, ఎవెలేసి మనవరాలి గురించి, రేటు పెంచిన మరవాడి గురించి మాట్లాడుకుంటాం. మాట్లాడుతూనే వాసెన విప్పుతుంది. ఇన్నేళ్లలో జల్లించకుండా నా పిండి ఒక్కసారి కూడా లోపలికి తీసుకెళ్లలేదు. ఎందుకక్కా అని నేను అడగలేదు. ఆవిడ జల్లెడ బోర్లించి తట్టేదాకా ఎదురుగా కూచుని, ఖాళీ కుండ తీసుకుని ఇంటికొస్తాను.